ఇంట్లోని ప్రమాదకరమైన చెత్తను నేలకూ నీటికీ గాలికీ అంటకుండా వదిలించుకోవడం ఎలా?

ఇంట్లో రోజూ పోగయ్యే చెత్తలో ఎక్కువ భాగం కుళ్ళి మట్టిలో కలిసిపోయేదో, మళ్ళీ వాడకానికి పనికొచ్చేదో అయి ఉంటుంది. దానితో పేచీ తక్కువ. అసలు పేచీ అంతా తూకానికి చాలా తక్కువగా ఉండే మిగతా వాటితోనే వస్తుంది. అయిపోయిన బ్యాటరీలు, గడువు తీరిన మందులు, వాడేసిన సూదులు, ట్యూబులైట్లు, పాదరసం థర్మామీటరు, అడుగున కాస్త మిగిలిన పెయింటు డబ్బా, పురుగుమందు సీసా, బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ ఇందులోకి వస్తాయి. ఇవన్నీ కలిపినా ఒక అట్టపెట్టె నిండకపోవచ్చు. అయితే వీటిలో ఏ ఒక్కటి పగిలి తక్కిన చెత్తలో కలిసినా, అంతవరకు మామూలుగా ఉన్న బుట్టెడు చెత్త మొత్తం ప్రమాదకరమైనదిగా మారిపోతుంది.

కింద చెప్పబోయే పద్ధతులన్నింటి వెనకా ఉన్న విషయం ఒక్కటే. సీసాలో ఉన్న విషాన్ని ఎవరికైనా అప్పగించవచ్చు, కానీ నీటిలో కలిసిన విషాన్ని తిరిగి ఏరి తేలేము. కాబట్టి పారవేయడం కన్నా ముందు, కలవనివ్వకుండా ఉంచడం నేర్చుకోవాలి.

ముందు ఇల్లంతా వెతికి వేరుచేయండి

ఒక గంట సమయం కేటాయించి ఇంట్లో అటకలు, స్నానాల గది అల్మారా, వంటగది సింకు కింది భాగం, బండి నిలిపే చోటు, పాత బొమ్మలు దాచిన పెట్టె వరుసగా చూడండి. సీసాల మీద ఉన్న చీటీని చదవండి. మంట గుర్తు ఉంటే అది తేలికగా అంటుకునే పదార్థం. పుర్రె, ఎముకల గుర్తు ఉంటే విషం. లోహం మీదా చేతి మీదా ఏదో ఒలికి తినేస్తున్నట్టు బొమ్మ ఉంటే అది చర్మాన్నీ లోహాన్నీ కాల్చే గుణమున్న పదార్థం. ఎండిన చెట్టూ చచ్చిన చేపా ఉన్న బొమ్మ కనిపిస్తే అది నీటిలోని జీవులకు హాని చేసేది. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆ వస్తువు మామూలు చెత్తబుట్టలోకి వెళ్ళకూడదు.

చీటీ లేని వస్తువులే ఎక్కువ మోసం చేస్తాయి. పాటలు పాడే గ్రీటింగ్ కార్డులో ఒక బొత్తాం బ్యాటరీ ఉంటుంది. వెలుగుతూ ఆరుతూ ఉండే పిల్లల చెప్పుల్లో మరొకటి ఉంటుంది. తీగ లేని ఇయర్‌ఫోన్లలో, ఒకసారి వాడి పారేసే ఈ-సిగరెట్‌లో లిథియం బ్యాటరీ ఉంటుంది. దేనికైనా తీగ, ఛార్జింగ్ రంధ్రం, చిన్న దీపం, శబ్దం వీటిలో ఏదైనా ఉంటే అందులో బ్యాటరీ ఉన్నట్టే భావించి పక్కన పెట్టండి.

కుళ్ళిపోయే చెత్త గురించి ఇక్కడ రెండు మాటలు సరిపోతాయి. దాన్ని మొదటి నుంచీ వేరుగా ఉంచితే కంపోస్టు ఎరువవుతుంది. గాలి ఆడని గుట్టలో ఇతర చెత్తతో పాటు కప్పిపెడితే మీథేన్ వాయువు వెలువరిస్తుంది, పైగా దాని నుంచి ఊరే నల్లటి నీరు చుట్టుపక్కలున్న లోహాలనూ రసాయనాలనూ కరిగించుకుని భూమిలోకి ఇంకుతుంది. అంటే తడి చెత్తను వేరుచేయడం ఎరువు కోసం మాత్రమే కాదు, బ్యాటరీలోని లోహానికి వాహనం దొరక్కుండా చేయడం కోసం కూడా.

ఏ డబ్బాలోది ఆ డబ్బాలోనే ఉంచండి

వేరుచేసిన తర్వాత చాలామంది చేసే పని, సగం సగం మిగిలిన సీసాలను ఒకదానిలో ఒకటి వంపి చోటు కలిసి వచ్చేలా చేయడం. ఇది ఎంత మాత్రం చేయకండి. మరుగుదొడ్డి కడిగే ఆమ్లంలో బ్లీచింగ్ ద్రవం కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీదకు వదిలినది ఆ వాయువునే. అదే బ్లీచింగ్ ద్రవం అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరుతో కలిస్తే క్లోరమైన్లు అనే మరో రకం ఊపిరి సలపనివ్వని వాయువులు వస్తాయి. రెండూ అంగడిలో మామూలుగా దొరికే వస్తువులే కాబట్టి వాటి కలయిక కూడా మామూలుదే అయి ఉంటుందని అనుకోవడం సహజం. ప్రమాదం అక్కడే ఉంది.

కలపకపోవడానికి మరో కారణం కూడా ఉంది. విడిగా ఉన్న ఇంజిన్ ఆయిల్‌ను శుద్ధి చేసి మళ్ళీ వాడవచ్చు. అందులో ఒక గ్లాసెడు, రంగును పలచన చేసే థిన్నరో, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటో పడిందంటే శుద్ధి చేసేవారు ఆ డబ్బా మొత్తాన్ని తీసుకోకపోవచ్చు.

ద్రవాన్ని తాగునీటి సీసాలోకి మాత్రం ఎప్పుడూ మార్చకండి. కిరోసిన్, ఆమ్లం, థిన్నర్ వంటివి నీళ్ళలాగే కనిపిస్తాయి, పిల్లలు సీసాను చూస్తారు గాని చీటీని చదవరు. అసలు డబ్బా కారుతూ ఉంటే, దానిని మూతతో సహా మరో పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి, లోపల ఏముందో, ఏ తేదీన పెట్టారో పైన రాయండి. చెరిగిపోని కలంతో రాయాలి. ఆరు నెలల తర్వాత ఆ డబ్బాలో ఉన్నదేమిటో మీకు గుర్తుండదు, దాన్ని తీసుకోవలసిన వారికి అసలే తెలియదు.

మూడు దగ్గరి దారులు, వాటిని ఎందుకు వదులుకోవాలి

చేతిలోని చెత్త వెంటనే కనిపించకుండా పోవడానికి మూడు దగ్గరి దారులు ఉన్నాయి. తూములో పోయడం, తగలబెట్టడం, గొయ్యి తీసి పూడ్చడం. మూడింటిలోనూ చెత్త మన కంటికి మాత్రమే కనిపించకుండా పోతుంది.

తూము సంగతి ముందు చూద్దాం. మురుగునీటి శుద్ధి కేంద్రాలు ప్రధానంగా మలమూత్రాలనూ తిండి పదార్థాలనూ బ్యాక్టీరియా చేత తినిపించి నీటిని తేరుస్తాయి. థిన్నరు, పురుగుమందు వంటివి ఆ బ్యాక్టీరియానే చంపుతాయి. చాలా మందులు, లోహాలు ఏ మార్పూ లేకుండా ఆ కేంద్రాన్ని దాటి నదిలోకి వెళ్ళిపోతాయి. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో అయితే దారి ఇంకా దగ్గర. ట్యాంకులోని బ్యాక్టీరియా చచ్చి, శుద్ధి కాని నీరు నేలలోకి ఇంకి, బావి దాకా చేరుతుంది. వీధిలో వాన నీటి కోసం కట్టిన కాలువ చాలా చోట్ల ఏ శుద్ధి కేంద్రానికీ వెళ్ళదు, నేరుగా చెరువుకో వాగుకో వెళుతుంది. ఆ కాలువ మూత మీద ఒంచిన రంగు నీటి బకెట్టు, చెరువులో ఒంచిన దానితో సమానం.

తగలబెట్టడం విషయానికి వస్తే, పీవీసీ పైపులు, తీగల మీది తొడుగులు వంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌లు తక్కువ వేడిలో, పొగలు కక్కుతూ కాలినప్పుడు డయాక్సిన్లు అనే విష పదార్థాలు పుడతాయి. ఇవి కొవ్వులో పేరుకుని ఏళ్ళ తరబడి శరీరంలో ఉండిపోతాయి. 2001లో స్టాక్‌హోమ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం అదుపు చేయాలని పేర్కొన్న పదార్థాలలో ఇవి ఉన్నాయి, వాటి పుట్టుకకు కారణాలలో ఆరుబయట చెత్త తగలబెట్టడాన్ని కూడా అది చేర్చింది. చెత్త కాల్చడానికే కట్టిన కొలుములలో పొగను కనీసం 850 డిగ్రీల సెల్సియస్ వేడిలో 2 సెకన్ల పాటు ఉంచడం యూరప్‌లో నియమం. పెరట్లో వేసిన మంటలో ఆ వేడీ నిలకడగా ఉండదు, పొగను అంతసేపు ఆపేదీ ఉండదు. రాగి కోసం తీగలను కాల్చడం ఇంకా చెడ్డది, ఎందుకంటే డయాక్సిన్లు ఏర్పడటానికి రాగి స్వయంగా తోడ్పడుతుంది. చెద పట్టకుండా రసాయనం ఎక్కించిన పాత కలపను కూడా పొయ్యిలో పెట్టకండి. దానిలో ఆర్సెనిక్ ఉంటే అది కొంత పొగలో పోతుంది, మిగిలింది బూడిదలో ఉండిపోతుంది. ఆ బూడిదను మొక్కలకు చల్లే అలవాటు ఉన్నవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

పూడ్చడానికి మచ్చుగా అమెరికాలో నయాగరా ఫాల్స్ నగరంలోని లవ్ కెనాల్ అనే పాత కాలువ ఉంది. 1942 నుంచి 1953 దాకా అందులో దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలను వేసి పైన మట్టి కప్పారు. తర్వాత ఆ నేల మీద బడీ, దాని చుట్టూ ఇళ్ళూ వచ్చాయి. వానలకు భూగర్భ జలం పైకి ఉబికినప్పుడు ఆ రసాయనాలు ఇళ్ళ నేలమాళిగల గోడల్లోంచి చెమర్చాయి. 1978లో అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. పెరట్లో మీరు తీసే గొయ్యి దానితో పోలిస్తే ఎంతో చిన్నది, నిజమే. కానీ దాని కింద ఉన్న నీరు కూడా కదులుతూనే ఉంటుంది.

బ్యాటరీలను మూసి, విడదీసి ఉంచండి

అన్ని బ్యాటరీలూ ఒకటి కావు, వాటి ప్రమాదాలూ ఒకటి కావు. రిమోట్‌లో వేసే మామూలు ఆల్కలైన్ సెల్లు పాతబడితే దాని మొన దగ్గర తెల్లటి పొలుసు కడుతుంది. చాలామంది దీన్ని యాసిడ్ కారిందంటారు. నిజానికి అది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. అది బయటి గాలితో కలిసి ఆ తెల్లటి పొలుసుగా మారుతుంది. అందుకే దాన్ని తుడవడానికి తినే సోడా పనికిరాదు. చేతికి తొడుగు వేసుకుని, దూదికి కొద్దిగా నిమ్మరసమో వెనిగరో అద్ది తుడిస్తే నురగ వచ్చి వదులుతుంది. ఆ దూదిని కూడా సెల్లుతో పాటే పక్కన పెట్టండి. కారులో ఉండే సీసం బ్యాటరీ మాత్రం దీనికి సరిగ్గా తిరగేసినది. అందులో ఉన్నది సల్ఫ్యూరిక్ ఆమ్లం కాబట్టి ఒలికిన చోట తినే సోడా చల్లాలి.

లిథియం బ్యాటరీలతో ప్రమాదం అగ్గి. చెత్త బండిలో అదుముడు యంత్రం కింద పడి నలిగినప్పుడు లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి, వేడెక్కి, ఆ వేడే మరింత వేడిని పుట్టించి, నీళ్ళు చల్లినా వెంటనే ఆరని మంట అవుతుంది. కాబట్టి బయటికి తీయగలిగిన ప్రతి లిథియం బ్యాటరీ కొనల మీదా టేపు అంటించండి. బల్లపరుపుగా ఉండి రెండు మొనలూ ఒకే వైపు ఉండే 9 వోల్టుల బ్యాటరీకీ ఇలాగే చేయండి. అది సొరుగులో తాళంచెవికో, గిన్నెలు తోమే ఇనుప పీచుకో తగిలితే చాలు నిప్పు పుడుతుంది. టేపు వేసిన వాటిని గాజు సీసాలో గాని, ప్లాస్టిక్ డబ్బాలో గాని పెట్టండి. ఇనుప డబ్బా వద్దు.

ఉబ్బిన ఫోను బ్యాటరీ మాత్రం ఇందుకు మినహాయింపు. దాన్ని ఛార్జింగ్‌కు పెట్టకూడదు, నొక్కి చదును చేయకూడదు, గాలి పోతుందని గుచ్చకూడదు. పొడి ఇసుక నింపిన ఇనుప డబ్బాలో పెట్టి, ఇంటి బయట, అంటుకునే వస్తువులేవీ లేని చోట ఉంచి, వీలైనంత త్వరగా అప్పగించండి.

బొత్తాం బ్యాటరీ విషయంలో చెత్త కన్నా ముందు చెప్పవలసిన సంగతి ఒకటుంది. దాన్ని పిల్లలు మింగితే, గొంతులో ఇరుక్కున్న చోట ఆ బ్యాటరీ ప్రవాహం తేమను క్షారంగా మార్చి, రెండు గంటల్లోపే కండను కాల్చగలదు. పరికరానికి పనికిరాని ‘అయిపోయిన’ బ్యాటరీలో కూడా అంత శక్తి మిగిలే ఉంటుంది. మింగిందేమో అన్న అనుమానం ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

సీసం బ్యాటరీని నిటారుగా, ఒక ప్లాస్టిక్ తొట్టిలో నిలబెట్టి, కొత్తది కొన్నచోటే ఇచ్చేయండి. ఆమ్లాన్ని ఒంపేసి ఖాళీ పెట్టె ఇవ్వకండి. పెరట్లో సీసం కరిగించేవారికి అమ్మకండి కూడా. ఆ పొగ, ఆ దుమ్ము చుట్టుపక్కల పిల్లల రక్తంలోకి చేరతాయి. పిల్లలకు హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పాదరసం ఒలికితే చీపురు పట్టకండి

ఒక జ్వరమానిలో ఉండే పాదరసం ఒక గ్రాముకు అటూ ఇటూ ఉంటుంది. నీటికి పదమూడున్నర రెట్లు బరువు కాబట్టి, అంత పాదరసం పరిమాణంలో రెండు చుక్కల నీటికి కూడా సరిపోదు. నేల మీద పడగానే అది వందల గుళికలై పరుగెడుతుంది. నేను మొదటిసారి థర్మామీటరు పగలగొట్టినప్పుడు చేతికందిన చీపురుతోనే ఊడ్చాను. గుళికలు ఇంకా చిన్నవై చీపురు పుల్లల్లోనూ నాపరాళ్ళ సందుల్లోనూ దూరాయి. కొన్ని నెలల తర్వాత మంచం కిందికి టార్చి వేసినప్పుడు, రాళ్ళ మధ్య సందులో ఆవగింజ కన్నా చిన్న గుళిక ఒకటి తళుక్కున మెరిసింది. అన్నాళ్ళూ అది ఆ గదిలోనే రంగూ వాసనా లేని ఆవిరిగా కొద్దికొద్దిగా లేస్తూనే ఉందన్నమాట.

సరైన పద్ధతి ఇది. పిల్లలను, గర్భిణులను, పెంపుడు జంతువులను గది బయటికి పంపండి. గుళికలున్న చోట ఎవరూ తొక్కకుండా చూడండి, ఎందుకంటే చెప్పుల అడుగున అంటుకుని ఇల్లంతా పాకుతుంది. లోపలి తలుపు మూసి బయటి కిటికీలు తెరవండి, ఏసీ ఆపండి. ఉంగరాలు, గాజులు తీసేయండి. పాదరసం బంగారంలో కలిసిపోయి దాన్ని తెల్లగా చేస్తుంది. చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, ముందుగా గాజు ముక్కలను ఏరండి. తర్వాత గదిలో దీపం తగ్గించి, టార్చిని నేలకు దాదాపు ఆనించి అడ్డంగా వెలుగు పడేలా పట్టుకుంటే ప్రతి గుళికా చుక్కలా మెరుస్తుంది. రెండు గట్టి అట్టముక్కలతో వాటిని మెల్లగా ఒకచోటికి తోసి, మందులు వేసే డ్రాపరుతో పీల్చి, బిర్ర మూత ఉన్న సీసాలో వదలండి. మిగిలిన నలుసులను టేపు జిగురు వైపుతో అద్ది తీయండి. అట్టముక్కలు, డ్రాపరు, టేపు, తొడుగులు కూడా ఆ సీసాతో పాటే మూటకట్టి చీటీ రాయాలి.

వాక్యూమ్ క్లీనరు పెడితే యంత్రం దాన్ని వేడిచేసి ఆవిరిగా గదంతా చిమ్ముతుంది. పాదరసం అంటిన బట్టను వాషింగ్ మిషన్‌లో వేస్తే యంత్రమూ పాడు, మురుగు నీరూ పాడు. శుభ్రం చేశాక ఒక రోజంతా ఆ గదికి బయటి గాలి ఆడనివ్వండి. రక్తపోటు కొలిచే పాత పరికరం పగిలితే మాత్రం మీరు చేయకండి. అందులో పాదరసం థర్మామీటరు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. తలుపు మూసి, అగ్నిమాపక సిబ్బందినో పర్యావరణ అధికారులనో పిలవాలి.

సీఎఫ్‌ఎల్ దీపంలో పాదరసం కొన్ని మిల్లీగ్రాములే. అది పగిలినప్పుడు గది వదిలి ఐదు పది నిమిషాలు గాలి ఆడనిచ్చి, తర్వాత పైన చెప్పినట్టే అట్టముక్కతో, టేపుతో ఎత్తితే సరిపోతుంది.

ఇంత తక్కువ దానికి ఇంత హడావుడి ఎందుకని అనిపించవచ్చు. నీటి అడుగున బురదలోని బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీ అనే మరింత విషపూరితమైన పదార్థంగా మారుస్తుంది. అది చిన్న జీవుల నుంచి చిన్న చేపలకూ, వాటి నుంచి పెద్ద చేపలకూ చేరే కొద్దీ చిక్కబడుతుంది. జపాన్‌లోని మినమాటా సముద్రపు కయ్యలోకి ఒక కర్మాగారం వదిలిన మురుగులో ఉన్నది ఆ మిథైల్ మెర్క్యురీయే. చేపలు తిన్న పిల్లులు ముందు వణికాయి, తర్వాత మనుషులకు ఆ జబ్బు వచ్చినట్టు 1956లో బయటపడింది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో కుదిరి 2017లో అమల్లోకి వచ్చిన ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు.

మందులు, సూదులు

గడువు తీరిన మందులను తిరిగి తీసుకునే మందుల దుకాణమో ఆసుపత్రో దగ్గర్లో ఉంటే అదే మంచి దారి. లేకపోతే మాత్రలను పొడి చేయకుండా అట్టల్లోంచి తీసి, తడి మట్టితోనో, వాడేసిన కాఫీ పొడితోనో కలిపి, ఎవరూ ఏరుకుని తినడానికి మనసు రాని ముద్దగా చేసి, గట్టిగా మూసే సంచిలో కట్టి పొడి చెత్తలో వేయండి. సీసా మీద రోగి పేరు ఉంటే కొట్టివేయండి. క్యాన్సర్ మందులకూ, నొప్పి తగ్గించడానికి చర్మం మీద అంటించే మత్తుమందు పట్టీలకూ ఈ పద్ధతి వర్తించదు. వాటి సంగతి ఇచ్చిన వైద్యులనే అడగాలి. ఆస్తమా ఇన్‌హేలరు ఖాళీ అయినా దాన్ని గుచ్చకూడదు, మంటలో వేయకూడదు.

మందులు నీటిలో ఎంత తక్కువ మోతాదులో పనిచేస్తాయో కెనడాలో ఒక పరిశోధన చూపింది. ఒక చిన్న సరస్సులో 2001 నుంచి 2003 వరకు గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ హార్మోనును లీటరుకు 5, 6 నానోగ్రాముల చొప్పున ఉండేలా కలిపారు (నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు). మగ చేపలలో ఆడ లక్షణాలు వచ్చాయి, ఒక జాతి చిన్న చేపలు ఆ సరస్సులో దాదాపు అంతరించిపోయాయి. నిజానికి మురుగులోకి చేరే మందుల్లో చాలా భాగం మన ఒంట్లోంచే వెళుతుంది, దాన్ని ఆపడం మన చేతిలో లేదు. సింకులో పారబోసేది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారు సూదికి మళ్ళీ మూత పెట్టే ప్రయత్నం చేయకుండా, బట్టల సబ్బు ద్రవం వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసాలో నేరుగా వదలాలి. పలచటి నీళ్ళ సీసా పనికిరాదు, సూది గోడలోంచి పొడుచుకు వస్తుంది. ముప్పాతిక వంతు నిండగానే మూత బిగించి టేపు చుట్టి ‘సూదులు’ అని రాసి ఆసుపత్రిలో ఇవ్వండి. ఇది నేల కోసమే కాదు, చెత్తను చేతులతో వేరుచేసేవారి కోసం.

పురుగుమందు డబ్బాను మూడుసార్లు కడగండి

డబ్బా ఖాళీ అయిన నిమిషంలోనే, మందు గోడలకు ఎండిపోక ముందే, ఈ పని చేయాలి. నాలుగో వంతు వరకు శుభ్రమైన నీరు పోసి, మూత బిగించి, 30 సెకన్లు అన్ని వైపులా ఆడించి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోకే ఒంపండి. ధార ఆగి చుక్కలు పడుతున్నప్పుడు మరో 30 సెకన్లు ఆగండి. ఇలా మూడుసార్లు చేయండి. ఆ కడిగిన నీరు పంట మీదకే వెళుతుంది కాబట్టి వృథా లేదు, కాలువలో కలిసే అవసరమూ లేదు.

ఒకేసారి ఎక్కువ నీళ్ళు పోసి కడిగేస్తే సరిపోదా అని అడగవచ్చు. లెక్క వేసి చూడండి. లీటరు డబ్బాలో 10 మిల్లీలీటర్ల మందు అంటుకుని ఉందనుకుందాం, ప్రతిసారీ ఒంపాక మళ్ళీ 10 మిల్లీలీటర్లే మిగులుతుందనుకుందాం. ఒకేసారి 750 మిల్లీలీటర్లు పోసి కడిగితే మిగిలే మందు మొదటి దానిలో 76వ వంతు. అదే నీటిని 250 చొప్పున మూడుసార్లు పోస్తే ఒక్కోసారికి 26వ వంతు చొప్పున తగ్గుతూ చివరికి 17,576వ వంతే మిగులుతుంది. నీరు అంతే, శ్రమ కాస్త ఎక్కువ, తేడా రెండు వందల రెట్ల పైన.

కడిగిన డబ్బాకు అడుగున చిల్లులు పొడవండి. ఎంత కడిగినా అది మంచినీళ్ళకు గాని నూనెకు గాని పనికిరాదు, చిల్లు లేకపోతే ఎవరో ఒకరు దానికి పని కల్పిస్తారు. తర్వాత అమ్మిన దుకాణానికో, సేకరణ కేంద్రానికో అప్పగించండి.

ఇంజిన్ ఆయిల్, కూలెంటు, పెయింటు

ఇంజిన్ ఆయిల్ మార్చేటప్పుడు కింద వెడల్పాటి తట్ట పెట్టి, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా పూర్తిగా కారనిచ్చి, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే గరాటుతో ఒంపండి. ఫిల్టరును కూడా రాత్రంతా బోర్లించి అందులోని నూనెను కారనివ్వాలి. ఒక్కసారి ఆయిల్ మార్పిడిలో తీసిన నూనె పది లక్షల గ్యాలన్ల (దాదాపు 38 లక్షల లీటర్ల) మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తుంది. దుమ్ము లేవకుండా దారి మీద చల్లడం, గేటు కొయ్యలకు పూయడం పొదుపులా కనిపించే తప్పులు. మొదటి వానకే ఆ నూనె కాలువలో ఉంటుంది. నేల మీద ఒలికితే నీళ్ళు కొట్టకుండా, ఇసుకో రంపపు పొట్టో చల్లి అది పీల్చుకున్నాక ఎత్తి డబ్బాలో వేయండి.

కూలెంటులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. నేల మీది మడుగును కుక్కలూ పిల్లులూ నాకి, మూత్రపిండాలు చెడి చనిపోతాయి. అందుకని దాన్ని తట్టలో కాసేపైనా మూత లేకుండా వదలకండి.

నీటి పెయింటు కొద్దిగా మిగిలితే డబ్బాలోనే ఇసుకో రంపపు పొట్టో కలిపి, మూత తీసి గాలి తగిలే చోట గట్టిపడనిచ్చి, ఆ ఎండిన గడ్డను పొడి చెత్తలో వేయవచ్చు. నూనె పెయింటు, థిన్నరు అలా కాదు, అవి ప్రమాదకర చెత్త కిందికే వస్తాయి. కుంచె కడిగిన థిన్నరును మూత పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది. పైన తేరిన థిన్నరును మరోసారి వాడుకోవచ్చు.

కలపకు అవిసె నూనె పూసిన గుడ్డ పీలికలను ముద్దగా చుట్టి మూలన పడేస్తే, నూనె గాలితో కలిసి ఆరుతున్నప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. వాటిని విప్పి, ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో ముంచి మూతపెట్టండి.

దాచడం, అప్పగించడం

ఇలా వేరుచేసిన వాటిని ఎండ పడని, పొయ్యికి దూరంగా ఉండే, పిల్లలకు అందని అరలో పెట్టండి. ద్రవాలను కింది అరలోనే, ఒక ప్లాస్టిక్ తట్టలో నిలబెట్టండి. ఆమ్లాలు ఒక తట్టలో ఉంటే బ్లీచింగ్ ద్రవం మరో తట్టలో ఉండాలి. తాళం ఉంటే మంచిది.

మీ స్థానిక సంస్థను అడిగి, ఏయే వస్తువులు ఏ రోజున ఎక్కడ తీసుకుంటారో తెలుసుకోండి. వెళ్ళే ముందు రెండు ప్రశ్నలు వేయండి. మీరు వీటిని ఎవరికి పంపుతారు, వారికి అనుమతి ఉందా? జవాబు చెప్పడానికి తడబడే చోట, మీ బ్యాటరీ మళ్ళీ ఎవరి పెరట్లోనో పగలవచ్చు. పాత బ్యాటరీలకూ ఫోన్లకూ డబ్బు ఎక్కువ ఇస్తామనే వారి విషయంలో నాకు అనుమానం ఎక్కువే, ఎందుకంటే లోహాన్ని జాగ్రత్తగా తీయడానికి ఖర్చు అవుతుంది.

బండిలో తీసుకెళ్ళేటప్పుడు సీసాలు దొర్లకుండా మధ్యలో పాత కాగితాలు కుక్కి, కిటికీ కాస్త దించి, మనుషులు కూర్చునే చోట కాకుండా వెనక పెట్టండి. అప్పగించి వచ్చాక ఖాళీ తట్టను నీళ్ళతో కడగకండి. ముందు ఒక కాగితంతో పొడిగా తుడిచి, ఆ కాగితాన్ని అరలో పెట్టిన కొత్త డబ్బాలో మొదటి వస్తువుగా వేసి, మూత మీద తేదీ రాయండి.